ఆకులామె మెట్టెలు

మొన్న వకీలు గారి ఇంట్లో వాళ్ళ నాన్నగారి సంవత్సరీకానికి భోజనానికి కూర్చున్నాను. విస్తరి వేశారు. అడ్డాకు విస్తరి, చేత్తో కుట్టింది. ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా మిషను కింద అచ్చుకొట్టిన విస్తళ్ళే, వెనక ప్లాస్టిక్ కాగితం అంటించినవి. నీళ్ళు చల్లి తుడుస్తుంటే అంచు దగ్గర పుల్ల కొస వేలికి తగిలింది. కొసను ఆకు కిందికి మడిచి, మళ్ళీ పైకి తెచ్చి విరిచి ఉంది. అలా రెండుసార్లు మడిచి విరిచే మనిషిని నేను ఒక్కరినే చూశాను.

"ఆకులామె కుట్టినవేనా ఇవి?" అని అడిగాను.

"అవే" అన్నారు వకీలు గారు, నెయ్యి గిన్నె పట్టుకొని నా ముందు నిలబడి. "ఇవే ఆఖరి కట్టలు. ఆమె పోయి నెల దాటింది. మీకు తెలియదా?"

తెలియదు. జిల్లాలో ఎవరు పోయినా అందరికంటే ముందు తెలిసే పని పాతికేళ్ళు చేసినవాణ్ని. ఆమె పోయిన సంగతి అన్నం మీద నెయ్యి పడుతుండగా తెలిసింది. అన్నం కలుపుకున్నాను, తిన్నాను. పప్పులో మామిడికాయ ముక్క వేశారు. బాగుంది.

ఆమె పేరు కోర్టు కాగితాల్లో ఉండేది. డఫేదారు గుమ్మం దగ్గర నిలబడి మూడుసార్లు ఆ పేరే పిలిచేవాడు. అది తప్పితే వరండాలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఆకులామె అనేవారు. బూర్గంపాడు దాటాక అడవి మొదలయ్యే చోట ఒక పల్లె ఆమెది. సంతకు కోయ ఆడవాళ్ళు దింపిన అడ్డాకు మోపులు కొని, విస్తళ్ళు కుట్టి అమ్ముకునేది. వాయిదా ఉన్న రోజున భద్రాచలం కోర్టు వరండాలో నోటీసు బోర్డు కింద గోడకు ఆనుకొని కూర్చునేది. ఒళ్ళో ఆకులు. చీపురు పుల్లలు నాలుగైదు పళ్ళ మధ్య ఉండేవి. మాటలు నోటి పక్క నుంచి వచ్చేవి. పిలుపు వినపడగానే ఆ పుల్లలు తీసి కొప్పులో గుచ్చుకొని లేచేది. బోనులో నిలబడి ప్రమాణం చేస్తున్నప్పుడు కూడా కొప్పులో పుల్లలు నిక్కి ఉండేవి. ఒకసారి ఎవరో వకీలు నవ్వాడు. ఆమె ఎందుకు నవ్వాడో చూడటానికి వెనక్కి తిరిగింది, తన వెనక ఎవరూ లేరు.

నేనప్పుడు భద్రాచలంలో పత్రిక విలేకరిని. వారానికి రెండు రోజులు కోర్టుకు వెళ్ళేవాణ్ని. రెండు వేల సంవత్సరం దాటి ఒకటి రెండేళ్ళు అయి ఉంటుంది, ఆమె విడాకుల కేసు చివరికి వచ్చింది. భర్త పాల్వంచ థర్మల్ కరెంటు కేంద్రంలో పర్మినెంటు ఉద్యోగి. పిల్లలు లేకపోవడమే కారణమని ఆయన, అది కాదని ఆమె. ఆ వాదనలో ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు. గుర్తున్నది, ఆమె కేసు చూసిన ఈ వకీలు గారే వరండాలో ఆమెకు మనోవర్తి సంగతి విడమరిచి చెప్పిన పూట.

"చూడమ్మా, రెండు దారులున్నాయి. ఆయన ఒక్కసారే కొంత ఇచ్చేసి తెంచుకుంటానంటున్నాడు. అది తీసుకుంటే ఇక నీకూ ఆయనకూ సంబంధం లేదు. రెండోది, నెలనెలా మనోవర్తి. జీతం పెరిగితే మనం మళ్ళీ వచ్చి పెంచమని అడగచ్చు. కాని ఒక సంగతి విను. నువ్వు ఇంకో పెళ్ళి చేసుకుంటే ఆగిపోతుంది. ఆయన పోయినా ఆగిపోతుంది."

ఆమె పుల్లలు తీయకుండానే అడిగింది. "గాయిన ఉన్నన్నాళ్ళు వస్తదా?"

"వస్తుంది."

"ఏండ్లకేండ్లు?"

"ఏండ్లకేండ్లు."

"అయితె నెలనెలకే రాయుండ్రి. ఒక్కపాలి తీస్కుంటే మా అన్న బోరు ఏస్తడు. నీళ్ళు పడయి."

"ఆలోచించుకో. రేపు ఆయనకేమన్నా అయితే?"

"గాయినకేమైతది సారూ? రాయి తిని అరిగించుకునే మనిషి."

అని చేతిలో విస్తరి పూర్తి చేసి, పుల్ల కొస కిందికి మడిచి, పైకి తెచ్చి, విరిచింది.

ఆర్డరు వచ్చింది. ఆయన కోర్టులో కట్టేవాడు, ఆమె వచ్చి వేలిముద్ర వేసి తీసుకునేది. వేలికంటిన సిరాను ఒక ఆకు వెనక తుడుచుకునేది. ఆ ఆకును విస్తరికి వాడేది కాదు. తీసి పక్కన పెట్టి, పోయేటప్పుడు మెట్ల కింద మేకకు వేసేది.

అప్పటి నుంచే ఆమె నన్ను అడగడం మొదలుపెట్టింది. నేను పత్రికవాణ్నని ఎవరో చెప్పారు. పేపరు సారు అనేది. నేను స్కూటరు స్టాండు వేసేలోపే అడిగేది.

"పేపరు సారూ, థర్మల్ దిక్కు పోయిన్రా?"

"పోయానమ్మా."

"ఏం కాలే గదా?"

"ఏం కాలేదు."

"పేపర్ల ఏం రాలే గదా?"

"రాలేదు."

"మంచిది."

అంతే. మళ్ళీ ఆకుల్లోకి వంగేది. పేపరు కోసం ఎదురుచూసేవాళ్ళను చాలామందిని చూశాను. అందరికీ ఏదో ఒకటి రావాలి. పేరో, ఫొటోనో, పక్కవాడి పరువో. పేపర్లో ఏమీ రాకపోతే సంతోషించే మనిషి నాకు ఆమె ఒక్కతే. చదవడం రాదు. బాయిలరు పేలుతుందని, బొగ్గు బెల్టులో చెయ్యి పోతుందని ఎవరు చెప్పారో ఆమెకు గట్టిగా పట్టుకుంది. ఒక ఏడు గోదావరి పొంగి బస్సులు ఆపేశారు. ఆమె బ్రిడ్జి మీద నడిచి, తల మీద విస్తళ్ళ మూటతో, మోకాళ్ళ దాకా తడిసి వచ్చింది. మేమందరం నీళ్ళు ఏ గుర్తు దాకా వచ్చాయో మాట్లాడుకుంటున్నాం. ఆమె మూట దించి, "థర్మల్ల నీళ్ళు సొరబడయి గదా సారూ?" అని అడిగింది. వాళ్ళ పల్లెలోకి నీళ్ళు వచ్చాయా అని మేం అడిగితే, "మా ఇంటిదేముంది, ఎండకు ఆరుతది" అంది.

ఎవరన్నా ఆయన్ని తిడితే ఊరుకునేది కాదు. ఆయన మంచివాడనీ చెప్పేది కాదు. "ఉండాలె గదా" అనేది. ఆ మాట ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వకీలు గారు ఒకరోజు చిరాకుపడి, "వాడు రెండో పెళ్ళి చేసుకున్నాడమ్మా, తెలుసా?" అన్నారు. "అవ్, తెలుసు. ఉండాలె గదా సారూ" అంది. ఏం ఉండాలో, ఎవరు ఉండాలో వకీలు గారు అడగలేదు.

రెండో పెళ్ళయ్యాక ఆయన కట్టడం మానేశాడు. అయిదు నెలలు చూసి వకీలు గారు అమలు పిటిషను వేశారు. అరెస్టు వారంటు వచ్చింది. వారంటు పట్టుకొని వెళ్ళే కోర్టు ఉద్యోగిని ఇక్కడ అమీనా అంటారు. అయితే అమీనాకు పట్టుకోవలసిన మనిషి మొహం తెలియదు. పక్కన నిలబడి ఆ మనిషిని చూపించే పూచీ కేసు వేసినవాళ్ళది. చూపించకపోతే వారంటు వెనక్కి వస్తుంది. అమీనా బస్సు టికెట్టూ చాయూ కూడా ఆనవాయితీగా వాళ్ళవే. నాకు ఆ రోజు పాల్వంచలో పని ఉంది. వకీలు గారు పిలిచి, "ఎట్లాగూ పోతున్నారు గదా, ఆమెకు తోడుగా కూర్చోండి" అన్నారు.

మొదటి షిఫ్టు రెండింటికి వదులుతారు. గేటు ఎదుట చాయ్ బండి దగ్గర బల్ల మీద ముగ్గురం కూర్చున్నాం. అమీనా రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. చొక్కా జేబులో వారంటు మడిచి పెట్టుకున్నాడు.

"చెల్లే, వేలు పెట్టి చూపియ్యకు. చూసిండంటే ఉరుకుతడు. మెల్లగ 'గీయినే' అను, చాలు."

"ఉరికితే నువ్వు పట్టలేవా అన్నా?"

"నా మోకాళ్ళు చూసినవా? గీ బల్ల మీదికెళ్ళి లేసుడే కష్టం."

"మరి నన్నెందుకు తోలుకొచ్చినవ్, మోకాళ్ళు మంచిగున్నోన్ని తోలుకొస్తే అయిపోతుండె గదా" అంది. చాయ్ బండివాడు నవ్వాడు. అమీనా కూడా నవ్వాడు.

సైరను మోగింది. మనుషులు రావడం మొదలైంది. సైకిళ్ళు, స్కూటర్లు, నడిచేవాళ్ళు. అందరివీ ఒకే రంగు చొక్కాలు, అందరి బూట్ల మీదా బూడిద. ఆమె పుల్ల నములుతూ చూస్తోంది. ఒకాయన చేతిలో టిఫిను గిన్నెతో బండి పక్కకు వచ్చి నిలబడ్డాడు. రేకు కప్పుకు ఆన్చిన కర్రను పట్టుకొని చాలాసేపు దగ్గాడు. రుమాలుతో మూతి తుడుచుకొని, ఆ రుమాలును ఒకసారి చూసుకొని, మడిచి జేబులో పెట్టుకొని బస్సు వైపు వెళ్ళిపోయాడు. జనం పల్చబడ్డారు. తర్వాత ఎవరూ లేరు.

"వచ్చిండా?" అన్నాడు అమీనా.

"రాలే."

"అందరు పోయిన్రు గదా చెల్లే."

"సెలవు పెట్టిండేమో."

అమీనా ఆమెను ఒకసారి చూశాడు. జేబులోంచి వారంటు తీసి దాని వెనక 'మనిషి కనపడలేదు' అని రాసుకున్నాడు. ఆమె చాయ్‌లకు ఇచ్చింది, నాదీ కలిపి. వద్దన్నా వినలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. చాలా దూరం వచ్చాక అడిగింది.

"సారూ, జైల్ల ఏస్తే నౌకరి పోతదా?"

"పోకపోవచ్చు. సస్పెండు చేస్తారేమో."

"అప్పుడు జీతం?"

"సగం ఇస్తారనుకుంటాను."

"సగంల ఇంటామెకు పోను నాకేం వస్తది?"

బూర్గంపాడు స్టేజీ వస్తుండగా మూట సర్దుకుంటూ అంది. "దగ్గు చూసిన్రా? చాయ్ బండి కాడ నిలబడి దగ్గినాయన?"

"ఆయనేనా?"

"అవ్. గింత దగ్గు ఎన్నడు లేకుండె."

దిగి వెళ్ళిపోయింది.

మరుసటి వారం కోర్టు దగ్గర నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. అడ్డాకును కోన్‌లా చుట్టి పుల్ల గుచ్చింది. "కరక్కాయ సారూ. అడివిది. గేటు కాడ గాయినకు ఇయ్యుండ్రి. నేనని చెప్పకుండ్రి." నేను అలాంటి పనులు ఒప్పుకునేవాణ్ని కాదు. ఎందుకో తీసుకున్నాను. చాయ్ బండి దగ్గర ఆయన్ని గుర్తుపట్టి ఇచ్చాను.

"ఎవలిచ్చిన్రు?" అన్నాడు.

"తెలిసినవాళ్ళు."

ఆయన పుల్ల పీకి, పొట్లం విప్పి వాసన చూశాడు. "అడ్డాకుల గట్టి పుల్ల కొస రెండుసార్లు విరిచేది ఒక్కతే సార్. నాకు తెల్వదా?" ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "నా పానం మీద దానికున్నంత ఫికరు ఇంకెవలికి లేదు. నేను సస్తే నెలనెలా వచ్చేది బందు గదా."

అది కోపంగా అన్నాడో ఎగతాళిగా అన్నాడో చెప్పలేను. పొట్లం మాత్రం మళ్ళీ అలాగే మడిచి గిన్నె సంచిలో పెట్టుకున్నాడు. ఆ నెలలోనే బాకీ కట్టడానికి స్వయంగా కోర్టుకు వచ్చాడు.

వరండా మెట్లెక్కుతూ ఆమెను చూశాడు. "ఏందే, ఇంకా ఈడనే ఉన్నవా?"

"నువ్వున్నన్నాళ్ళు ఉంట" అంది, తల ఎత్తకుండా.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనకూ నవ్వు వచ్చింది, నవ్వు దగ్గయింది. గోడ పట్టుకొని వంగి దగ్గుతూ ఉండిపోయాడు. ఆమె కాళ్ళు చాపుకొని కూర్చుని ఉంది. ఆయన దగ్గు ఆగినా తల వెంటనే ఎత్తలేదు. ఆమె కాళ్ళ వైపే చూస్తున్నాడు. ఆ చూపు నేను గమనించాను కాని అర్థం చేసుకోలేదు.

నెల తిరక్కుండా ఆయన తరఫున పిటిషను పడింది. ఈసారి ఖమ్మం నుంచి పెద్ద వకీలును పెట్టుకున్నాడు. సదరు స్త్రీ విడాకుల తర్వాత కాలికి మెట్టెలతో తిరుగుతోంది. మెట్టెలు ముత్తయిదువ గుర్తు. కనుక ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకున్నదని భావించి మనోవర్తి ఆపాలి. ఇదీ దాని సారాంశం. వకీలు గారు చదివి తల పట్టుకున్నారు. మేమెవరం ఎప్పుడూ ఆమె కాళ్ళు చూడలేదు. చూశాం. ఉన్నాయి. వెండివి, అరిగి సన్నబడినవి, రెండో వేలికి.

"విడాకులయ్యాక ఇవెందుకు పెట్టుకున్నావమ్మా?"

"పెట్టుకోలే సారూ. ఉన్నయి."

"తీసేసి రా. తీసేస్తే వాళ్ళకు కేసే లేదు."

"రావు. ఎముక పట్టినయి."

"కంసాలి దగ్గరికి పో. కోసి తీస్తాడు."

"కోస్తే ఏలు తెగుతది."

"నెలనెలా వచ్చేది తెగిపోతుంది, అది చూసుకో!" వకీలు గారి గొంతు పెరిగింది. "సాక్ష్యం లేదు, ఏమీ లేదు. జడ్జిగారు ఆ మెట్టెలు చూసి ఏమనుకుంటే అదే. నీకు తిండి అది. అర్థమవుతోందా?"

"అర్థమైతాంది సారూ."

వాయిదా రోజున మెట్టెలతోనే వచ్చింది. వకీలు గారు నా పక్కన కూర్చుని, "ఇక నా చేతిలో లేదు" అన్నారు. 

ఖమ్మం వకీలు ఆమెను బోనులో అడిగాడు. నేను రాసుకున్నాను, అలవాటు కొద్దీ.

"నీ కాళ్ళకున్నవి ఏమిటి?"

"మట్టెలు."

"ఎవరు పెట్టారు?"

"గాయిననే. సన్నెకల్లు మీద కాలు పెట్టిచ్చి."

"విడాకులు వచ్చి ఎన్నేళ్ళయింది?"

"మీ దగ్గర కాగితం ఉంది గదా సారూ."

"విడాకులయ్యాక ఎందుకు తీయలేదు?"

ఆమె కొంచెం ఆలోచించింది. "తియ్యమని ఎవలు చెప్పలే. కాగితంల అన్ని రాసిన్రు. ఇల్లు రాసిన్రు, బిందెలు రాసిన్రు, నెలకింత అని రాసిన్రు. మట్టెల ముచ్చట రాయలే. రాసుంటే తీసేదాన్ని."

హాల్లో ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి ఆమెను అడిగారు. "ఇప్పుడు తీసి చూపించగలవా అమ్మా?"

"రావు సార్. ఎముక పట్టినయి."

జడ్జిగారు ఆయన వైపు తిరిగారు. "పెళ్ళిలో మీరు పెట్టినవి ఇవేనా? కావా?"

కావంటే చాలు. ఇరవై ఏళ్ళ నాటి మెట్టెలు ఇవే అని ఎవరు నిరూపిస్తారు? ఖమ్మం వకీలు ఆయన వైపు చూస్తున్నాడు. ఆయన బోను దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. దగ్గు వచ్చింది. ఆపుకున్నాడు.

"ఎడమ కాలుది సొట్ట ఉండాలె సార్" అన్నాడు. "పెట్టేటప్పుడు సన్నెకల్లుకు కొట్టుకున్నది. మా మామ అప్పుడే కొత్తది తెస్తనన్నడు. పర్వలేదన్న."

ఆమె ఎడమ కాలు కొంచెం ముందుకు జరిపింది. సొట్ట ఉంది.

పిటిషను కొట్టేశారు. బయట ఖమ్మం వకీలు ఆయన మీద విరుచుకుపడ్డాడు. "కాదంటే అయిపోయేది గదయ్యా, నీ నోటితో నువ్వే చెడగొట్టుకున్నావు!" ఆయన, "అడిగిండు, చెప్పిన" అన్నాడు. వకీలు కారెక్కకుండా బస్టాండు వైపు నడిచాడు. ఆమె మెట్ల మీద తన ఆకులు ఏరుకుంటోంది.

"దగ్గు తగ్గిందా?"

"లే."

"కరక్కాయ బుగ్గన పెట్టుకో. మింగకు. నీకు మింగుడలవాటు."

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోగా నేను చూసింది ఆ రెండుసార్లే.

ఆ తర్వాత మూడేళ్ళు ఆయన ఒక్క నెల తప్పకుండా కట్టాడు. కరక్కాయ పొట్లాలు మరి ఎవరి చేత పంపిందో, పంపిందో లేదో నాకు తెలియదు. నన్ను మళ్ళీ అడగలేదు. థర్మల్ సంగతి మాత్రం అడిగేది. నేను చెప్పేవాణ్ని. ఏం కాలేదమ్మా. మంచిది.

ఆయన పోయిన వార్త పేపర్లో రాలేదు. పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయినవాళ్ళ సంగతి మేం వేసేవాళ్ళం కాదు. వకీలు గారికి కోర్టు ద్వారా తెలిసింది. నేను వరండాలోకి వెళ్ళేసరికి ఆమె ముందు కుర్చీ వేసుకొని చెబుతున్నారు.

"ఇక రాదమ్మా. ఆర్డరు ఆయనతోనే పోయింది. పింఛను ఇంటామెకు వెళ్తుంది. నీకు అందులో లేదు. మొదట్లోనే చెప్పాను కదా, గుర్తుందా?"

"గుర్తుంది."

"ఒక్కసారి తీసుకోమన్నాను."

"అవ్. అన్నరు." పళ్ళ మధ్య నుంచి పుల్లలు తీసి పక్కన పెట్టింది. "ఎన్నడు పోయిండు?"

"ఆదివారం."

"మట్టెలు తీసిన్రా ఆమెవి?"

"ఇంకా లేదనుకుంటాను. పదో రోజున గదా తీసేది."

ఆమె ఎడమ కాలు దగ్గరకు లాక్కుంది. మెట్టెను రెండు వేళ్ళతో పట్టుకొని ఒకసారి తిప్పింది. వచ్చేసింది. కుడి కాలు లాక్కుంది. అదీ వచ్చింది. సబ్బు లేదు, నూనె లేదు. వేళ్ళ మీద తెల్లగా రెండు చారలు మిగిలాయి. ఆమె ఈ మూడేళ్ళలో చిక్కిపోయి ఉండవచ్చు. వకీలు గారు నా వైపు చూశారు. నేను నోటీసు బోర్డు చూశాను.

ఒక ఆకు తీసి, మెట్టెలు అందులో పెట్టి, పొట్లం చుట్టి పుల్ల గుచ్చింది. వకీలు గారికి అందించింది.

"ఇవి కట్టుండ్రి సారూ."

"ఎక్కడ కట్టాలి?"

"కోర్టుల. కేసు అయిపాయె గదా. గాయిన ఇచ్చినయి నా దగ్గర ఉండొద్దు గదా."

"ఇవి నీవమ్మా. కోర్టుకు సంబంధం లేదు. ఎవరూ తీసుకోరు."

"జడ్జి సారు అడిగిండు గదా తీసి చూపియ్యమని. అప్పుడు ఇయ్యలే. ఇప్పుడిస్తాన. తీస్కోని కాగితమియ్యుండ్రి."

ఎంత చెప్పినా వినలేదు. ఆ పొట్లం కోర్టుకు చెందవలసిందని ఆమెకు పూర్తి నమ్మకం. వకీలు గారు అలసిపోయి లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు రాసి ఇచ్చారు. రెండు వెండి మెట్టెలు ముట్టినవి. సంతకం. ఆమె దాన్ని నా వైపు జరిపింది. "పేపరు సారూ, మీరు సుత పెట్టుండ్రి." సాక్షిగా నేనూ సంతకం పెట్టాను.

కాగితం మడిచి రవికెలో పెట్టుకుంది. ఆగిపోయిన విస్తరి ఒళ్ళోకి తీసుకుంది. పుల్ల కోసం వెతుక్కుంటూ, "ఇగ థర్మల్ సంగతి అడగ సారూ మిమ్మల్ని" అంది.

అడగలేదు. తర్వాత ఒకటి రెండేళ్ళు బస్టాండులో విస్తళ్ళు అమ్ముతూ కనిపించేది. నేను పాల్వంచ నుంచి దిగితే, "బాగున్నరా సారూ" అనేది, అంతే. నాకే 'ఏం కాలేదమ్మా' అనే మాట నోటి దాకా వచ్చి ఆగిపోయేది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటుంటే వకీలు గారు చెప్పారు. వాళ్ళన్న వచ్చాడట, బోరు వేస్తాడని ఆమె భయపడిన అన్న. ఆమె పెట్టె వెతికితే కాగితం దొరికిందట. కోర్టు కాగితమేమో, దీని మీద డబ్బులు వస్తాయేమో అని తెచ్చాడు. 

"మరి మెట్టెలు?"

"బీరువాలోనే ఉన్నాయి, ఆ పొట్లంలోనే. ఆకు ఎండిపోయింది కాని పుల్ల ఊడలేదు. తీసి ఇచ్చాను. నేనేం చేసుకుంటాను?" తువ్వాలు నా చేతికిచ్చారు. "అక్కడే విప్పాడు. అరచేతిలో వేసుకొని బరువు చూశాడు. ఒకటి సొట్ట ఉంది చూసుకో అన్నాను."

"ఏమన్నాడు?"

"'సొట్టబోతే ఏందిలే సారూ, కొనేటోళ్ళు సూసేది తూకమే గదా' అన్నాడు."